‘మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం’ అంటే చాలదు చెల్లీ

ప్రశ్న: అక్కా, నమస్తే. మేము ఒహాయో నుంచి డాలస్ దగ్గర ఫ్రిస్కోకి వచ్చి మూడు వారాలే అయింది. మావారు జూలై 1న కొత్త కంపెనీలో చేరారు. నేను హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. నాకిప్పుడు ఏడో వారం. మార్చి మొదటి వారంలో డ్యూ డేట్ అని యాప్ చూపిస్తోంది. ఇక్కడ మాకు ఎవరూ తెలియదు. ఇన్సూరెన్స్ కార్డు ఇంకా చేతికి రాలేదు. మావారు కంపెనీ పేరు చెబితే, దగ్గర్లో ఉన్న ఒక గైనకాలజిస్ట్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ‘మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం’ అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. కానీ పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి తనకీ అలాగే చెప్పారని, తీరా డెలివరీ అయ్యాక పదకొండు వేల డాలర్లు వచ్చిందని చెప్పింది. అప్పటినుంచి నాకు నిద్ర లేదు. మావారేమో ‘అన్నీ ఒకటే, దగ్గర్లో ఎవరో ఒకర్ని చూసుకో’ అంటారు. గుంటూరు నుంచి అమ్మేమో హస్తవాసి ఉన్న లేడీ డాక్టర్ని, అదీ తెలుగావిడని చూసుకోమంటుంది. నాకింకా డ్రైవింగ్ లైసెన్స్ రాలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పక్కా. – ఓ చెల్లి, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం:

ముందుగా శుభాకాంక్షలు చెల్లీ. ఇంత టెన్షన్‌లో ఆ మాట నీకు ఎవరైనా చెప్పారో లేదో.

ఏడో వారం అంటే ఆలస్యమేమీ కాలేదు. ఇక్కడ చాలా ఆఫీసులు మొదటి అపాయింట్‌మెంట్ ఎనిమిదో వారం దాటాకే ఇస్తాయి. మన ఊళ్లోలాగా నెల తప్పిన మర్నాడే వెళ్లి టోకెన్ తీసుకుని కూర్చోవడం ఉండదు. ఫోలిక్ యాసిడ్ ఉన్న ప్రీనేటల్ విటమిన్ మందుల షాపులో చీటీ లేకుండానే దొరుకుతుంది, ఇంకా మొదలుపెట్టకపోతే ఇవాళే తెచ్చుకో. రక్తస్రావం అయినా, పొత్తికడుపులో ఒక పక్కన తట్టుకోలేని నొప్పి వచ్చినా మాత్రం అపాయింట్‌మెంట్లూ నెట్‌వర్కులూ ఆలోచించకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపో. ఎమర్జెన్సీకి వేరే లెక్క, అది తర్వాత చెబుతాను.

డాక్టర్ సంగతి కంటే ముందు ఒక పని ఉంది, అది ఈ రోజే చెయ్యాలి. కార్డు ఇంకా రాలేదన్నావు. పోస్టులో ఉందా, అసలు నీ పేరు ఆ ప్లాన్‌లో చేర్చారా? మీ ఆయన్ని కంపెనీ బెనిఫిట్స్ సైట్ తెరిచి డిపెండెంట్స్ దగ్గర నీ పేరు, పుట్టిన తేదీ ఉన్నాయో లేదో చూడమను. కొత్తగా చేరినవాళ్లకు ఇన్సూరెన్స్ ఎంచుకోవడానికి చాలా కంపెనీలు ముప్పై రోజుల గడువు ఇస్తాయి. ఆ గడువు దాటితే మళ్లీ వార్షిక ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాల్సి వస్తుంది. గర్భం వచ్చింది కదా, మధ్యలో చేర్చుకోండి అంటే కంపెనీ ప్లాన్‌లో కుదరదు. బిడ్డ పుట్టడం వాళ్ల లెక్కలో కొత్త సంఘటన, గర్భం కాదు. జూలై 1న చేరారంటే ఈ నెలాఖరు దాకానే టైముంది. కొత్త ఉద్యోగం హడావుడిలో తన పేరొక్కటే పెట్టుకుని ‘ఎంప్లాయీ ఓన్లీ’ నొక్కేసినవాళ్లను నేను ఒకరిద్దరిని కాదు, చాలామందిని చూశాను. కార్డు రాకపోయినా సైట్‌లోనూ, యాప్‌లోనూ డిజిటల్ కార్డు ఉంటుంది, మెంబర్ ఐడీ అందులోంచి తీసుకోవచ్చు.

ఇక నీ నిద్ర పోగొట్టిన మాట. నేను ఈ డాలస్ చుట్టుపక్కల డాక్టర్ల ఆఫీసులకు బిల్లింగ్ చేస్తూ పన్నెండేళ్లయింది. ‘మీ ఇన్సూరెన్స్ తీసుకుంటాం’ అని ఫోన్ ఎత్తిన అమ్మాయి అన్నప్పుడు అబద్ధం చెప్పడం లేదు. ఆ మాటకు అర్థం మాత్రం నువ్వనుకున్నది కాదు. మీ కార్డు కాపీ తీసుకుంటాం, మీ తరఫున క్లెయిమ్ పంపుతాం, అంతవరకే. క్లెయిమ్ ఎవరైనా ఎవరికైనా పంపొచ్చు. నువ్వు అడగాల్సింది ‘ఇన్-నెట్‌వర్కేనా?’ అని. అంటే ఆ డాక్టర్‌కీ నీ ప్లాన్‌కీ మధ్య ఒప్పందం ఉందా, రేట్లు ముందే ఖరారు చేసుకున్నారా అని. ఒప్పందం ఉంటే డాక్టర్ బిల్లు ఎంత వేసినా ఖరారైన రేటు దాటి నీ దగ్గర వసూలు చేయకూడదు. లేకపోతే, నీది పీపీవో రకం ప్లాన్ అయితే ఇన్సూరెన్స్ ఎంతో కొంత ఇచ్చి మిగతాది నీ నెత్తిన పడుతుంది. హెచ్‌ఎంవో, ఈపీవో రకాలైతే ఎమర్జెన్సీకి తప్ప మామూలుగా పైసా కూడా ఇవ్వరు.

ఇంకో మెలిక ఉంది. ఇన్సూరెన్స్ కంపెనీ పేరు వేరు, నెట్‌వర్క్ పేరు వేరు. ఇక్కడి బ్లూ క్రాస్ బ్లూ షీల్డ్ ఆఫ్ టెక్సస్‌నే తీసుకో. బ్లూ చాయిస్ పీపీవో, బ్లూ ఎసెన్షియల్స్, బ్లూ అడ్వాంటేజ్ హెచ్‌ఎంవో అని ఒకే గొడుగు కింద వేర్వేరు నెట్‌వర్కులున్నాయి. ఒకదాంట్లో ఉన్న డాక్టర్ ఇంకోదాంట్లో ఉండాలని లేదు. రెండూ ఆర్టీసీ బస్సులే కదా అని పల్లెవెలుగు పాసు చూపించి సూపర్ లగ్జరీ ఎక్కితే కండక్టర్ ఊరుకుంటాడా? మీ ఆయన చెప్పిన కంపెనీ పేరు పట్టుకుని నువ్వు ఫోన్ చేశావు కాబట్టి ‘తీసుకుంటాం’ అన్న జవాబు వచ్చింది. కార్డు ముందువైపు ప్లాన్ పేరో, నెట్‌వర్క్ పేరో ఉంటుంది, గ్రూప్ నంబర్ ఉంటుంది. వెనకవైపు మెంబర్ సర్వీసెస్ ఫోన్ నంబర్ ఉంటుంది. నీ పనికి కార్డు రెండువైపులా కావాలి.

ఫోన్ రెండు చోట్లకి చెయ్యాలి. ముందు డాక్టర్ ఆఫీసుకి చేసి, బిల్లింగ్ వాళ్లతో మాట్లాడాలని అడుగు. ‘డాక్టర్ గారి ఎన్‌పీఐ నంబర్, ఈ ఆఫీసు ట్యాక్స్ ఐడీ ఇవ్వండి’ అను. ఎన్‌పీఐ అంటే డాక్టర్‌కి ఉండే పది అంకెల గుర్తింపు నంబర్. ట్యాక్స్ ఐడీ ఆ సంస్థది. ఇది అడిగితే అటుపక్క ఒక్క క్షణం నిశ్శబ్దం వస్తుంది, కంగారుపడకు. నువ్వేదో తప్పు అడిగావని కాదు, అడిగేవాళ్లు తక్కువ, అంతే. ఒకే డాక్టర్ ప్లేనోలో ఒక గ్రూపు కింద, ఫ్రిస్కోలో ఇంకో గ్రూపు కింద పనిచేస్తూ ఉండొచ్చు. ప్లేనో అడ్రస్‌కి కాంట్రాక్ట్ ఉండి ఫ్రిస్కో అడ్రస్‌కి లేకపోవచ్చు. మనిషి ఒకరే, బిల్లు వెళ్లే సంస్థ వేరు. నేను చూసిన గొడవల్లో చాలా వాటికి మూలం ఇదే.

తర్వాత కార్డు వెనక నంబర్‌కి చెయ్యి. ‘ఈ ఎన్‌పీఐ, ఈ ట్యాక్స్ ఐడీ, ఈ అడ్రస్. నా ప్లాన్‌కి ఇన్-నెట్‌వర్కేనా? మెటర్నిటీకి నా డిడక్టబుల్ ఎంత, ఇప్పటిదాకా ఎంత కట్టినట్టుంది? కోఇన్సూరెన్స్ ఎంత శాతం? ఔట్-ఆఫ్-పాకెట్ మ్యాక్సిమమ్ ఎంత?’ అని అడుగు. డిడక్టబుల్ అంటే ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేముందు నువ్వు కట్టాల్సిన మొత్తం, కోఇన్సూరెన్స్ అంటే ఆపైన బిల్లులో నీ వాటా, ఔట్-ఆఫ్-పాకెట్ మ్యాక్సిమమ్ అంటే ఏడాదిలో నీ దగ్గర తీసుకోగలిగే గరిష్ఠం. ఫోన్ పెట్టేసేముందు మాట్లాడినవాళ్ల పేరు, కాల్ రెఫరెన్స్ నంబర్ అడిగి తేదీతో సహా రాసి పెట్టుకో. అదే రోజు ఇన్సూరెన్స్ సైట్‌లో ఆ డాక్టర్ పేజీ తెరిచి స్క్రీన్‌షాట్ తీసి పెట్టు. ఈ స్క్రీన్‌షాట్‌కి విలువుంది. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం కంపెనీలు తమ డైరెక్టరీని 90 రోజులకోసారి సరిచూసుకోవాలి. డైరెక్టరీ తప్పు చూపించి, దాన్ని నమ్మి నువ్వు వెళ్లావని తేలితే, నీ దగ్గర ఇన్-నెట్‌వర్క్ వాటా మాత్రమే తీసుకోవాలి. చట్టం నీ వైపు ఉన్నా ఆ రోజు అక్కడ ఆ పేరు కనబడిందని చూపించాల్సింది నువ్వే.

నీది హెచ్‌ఎంవో అయినా సరే, నెట్‌వర్క్‌లోని గైనకాలజిస్ట్‌ని చూడ్డానికి ప్రైమరీ డాక్టర్ చీటీ అక్కర్లేదు. చీటీ కావాలని ఎవరైనా అంటే మళ్లీ అడిగి చూడు.

ఇప్పుడు ఆ పదకొండు వేలు. ఆ అమ్మాయి కాగితాలు చూడకుండా ఇదీ కారణం అని నేను చెప్పను. కానీ భయపడేముందు ఒక మాట అడిగి చూడు, వచ్చింది బిల్లేనా అని. డెలివరీ అయిన రెండు మూడు వారాలకు ఇన్సూరెన్స్ నుంచి ఈఓబీ అనే కాగితం వస్తుంది, ఎవరి వాటా ఎంతో చూపించే లెక్క అది. పైన పెద్ద అంకెలు, కిందో పక్కనో చిన్న అక్షరాల్లో ‘దిస్ ఈజ్ నాట్ ఎ బిల్’ అని. పసిబిడ్డని భుజానేసుకుని నిద్రలేని కళ్లతో చూస్తే పై అంకెలే కనిపిస్తాయి. కట్టాల్సింది హాస్పిటల్, డాక్టర్ పంపే బిల్లు చూసి, అదీ ఈఓబీలో ‘మీ బాధ్యత’ అని చూపించిన అంకెతో సరిపోయాకే.

నిజంగానే బిల్లు అనుకుందాం. అప్పుడు కూడా అది మోసం కానక్కర్లేదు, ప్లాన్ అలాంటిదే కావచ్చు. నీ ప్లాన్ డిడక్టబుల్ 2,000 డాలర్లు, ఆపైన 20 శాతం కోఇన్సూరెన్స్, ఔట్-ఆఫ్-పాకెట్ మ్యాక్సిమమ్ 6,000 అనుకో. డాక్టర్, హాస్పిటల్ కలిపి కాంట్రాక్ట్ రేటు ప్రకారం 18,000 అయింది. మొదటి 2,000 నీది. మిగిలిన 16,000లో 20 శాతం, అంటే 3,200 కూడా నీదే. మొత్తం 5,200. అదే సిజేరియన్ అయి 30,000 అయిందనుకో, లెక్క ప్రకారం 7,600 రావాలి, కానీ 6,000 దగ్గర ఆగిపోతుంది, ఆపైనంతా వాళ్లదే. 2025కి ప్రభుత్వం పెట్టిన పైపరిమితి ఒక మనిషికి 9,200, కుటుంబానికి 18,400 డాలర్లు. ఏటా మారుతుంది. ఇక్కడే చాలామందికి తెలియనిది ఒకటుంది. బిడ్డ భూమ్మీద పడ్డ క్షణం నుంచి వేరే పేషెంట్. వాడికి వేరే బిల్లు, వేరే డిడక్టబుల్. తల్లి వాటా, బిడ్డ వాటా కలిస్తే నెట్‌వర్క్ తప్పకుండానే పదకొండు వేలు అవ్వొచ్చు.

హాస్పిటల్‌లో మత్తు డాక్టర్ నెట్‌వర్క్‌లో లేడట, అందుకే బిల్లు వచ్చిందట అనే కథలు నువ్వు ఇంకా వింటావు. అవి ఎక్కువగా 2022కి ముందువి. నొప్పి తెలియకుండా నడుములో ఎపిడ్యూరల్ మత్తు ఇచ్చే అనస్థీషియా డాక్టర్‌ని, పుట్టగానే బిడ్డని చూసే నియోనేటాలజిస్ట్‌ని ఎంచుకునేది మనం కాదు కదా. హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉంటే, వీళ్లు లేకపోయినా ఇన్-నెట్‌వర్క్ వాటా కంటే ఎక్కువ అడగకూడదని ఆ చట్టమే చెప్పింది. ఎమర్జెన్సీకి కూడా అదే రక్షణ, అక్కడ హాస్పిటల్ నెట్‌వర్క్‌లో ఉందా లేదా అన్న ప్రశ్నే లేదు. కానీ ముందే అనుకుని వెళ్లే డెలివరీకి హాస్పిటలే నెట్‌వర్క్‌లో లేకపోతే ఆ ధైర్యం పెట్టుకోకు.

అందుకే డాక్టర్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘మీరు డెలివరీలు ఏ హాస్పిటల్‌లో చేస్తారు?’ డాక్టర్‌ని ఎంచుకుంటే హాస్పిటల్‌ని కూడా ఎంచుకున్నట్టే. ఇక్కడ ప్రతి డాక్టర్‌కీ ఒకటి రెండు హాస్పిటల్స్‌లోనే పురుడు పోసే అనుమతి ఉంటుంది. డాక్టర్ నెట్‌వర్క్‌లో ఉండి హాస్పిటల్ లేకపోవడం అరుదేమీ కాదు. ఆ హాస్పిటల్ పేరు చెప్పి కార్డు వెనక నంబర్‌కి మరోసారి ఫోన్ చెయ్యి. టెక్సస్‌లో తల్లుల సంరక్షణకు, పుట్టిన బిడ్డల సంరక్షణకు విడివిడిగా హాస్పిటల్స్‌కి ఒకటి నుంచి నాలుగు దాకా లెవెల్స్ ఇస్తారు. అంకె పెరిగేకొద్దీ క్లిష్టమైన కేసులు చూడగలరని అర్థం. నీకు బీపీ, షుగర్, థైరాయిడ్ లాంటివి ఏవైనా ఉంటే ఎన్ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూ, ఏ లెవెల్ అని అడగడం మర్చిపోకు.

ల్యాబ్ దగ్గర నేనే దెబ్బతిన్నాను. మా రెండోవాడప్పుడు అంతా సరిచూసుకున్నాననుకున్నా. బిల్లింగ్ మనిషిని కదా, గర్వం! ఆఫీసులో నర్సు రక్తం తీసింది, గొట్టాలు ఎటు వెళ్తున్నాయో నేను అడగలేదు. నెట్‌వర్క్‌లో లేని ల్యాబ్‌కి వెళ్లాయి. ఎనిమిది వందల చిల్లర బిల్లు. మూడు నెలలు ఉత్తరాలు రాస్తే సగానికి తగ్గింది. అప్పటినుంచి సూది గుచ్చేముందు ‘ఏ ల్యాబ్‌కి పంపుతున్నారు?’ అని అడుగుతాను, నవ్వుకున్నా సరే. ముఖ్యంగా పదో వారం దాటాక తల్లి రక్తంతో బిడ్డ క్రోమోజోముల లోపాలు చూసే ఎన్ఐపీటీ, దంపతుల జన్యు పరీక్షలు. వీటి బిల్లు ల్యాబ్ నేరుగా పంపుతుంది. తీసుకునేముందు ఆ ల్యాబ్‌కే ఫోన్ చేసి ఇన్సూరెన్స్‌తో ఎంత, సొంతంగా కడితే ఎంత అని రెండూ అడుగు. సొంతంగా కట్టే రేటే తక్కువ ఉండటం నేను చూశాను. అన్నట్టు, ఆ రిపోర్టులో పాపో బాబో కూడా వస్తుంది, ఇక్కడ అది నేరం కాదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పాలా వద్దా అన్నది మాత్రం మీ ఇద్దరూ ముందే మాట్లాడుకోండి.

డాక్టర్ మంచిదో కాదో ఎలా తెలుసుకోవడం అంటావా? సైట్లలో నక్షత్రాలు చూసి బెంగపడకు. ఒక నక్షత్రం ఇచ్చినవాళ్లలో సగం మంది పార్కింగ్ గురించీ, వెయిటింగ్ గురించీ తిట్టినవాళ్లే. రెండు చోట్ల చూడు. అమెరికన్ బోర్డ్ ఆఫ్ అబ్‌స్టెట్రిక్స్ అండ్ గైనకాలజీ అని ఒకటుంది, దాని ఆఫీసు మన డాలస్‌లోనే. వాళ్ల సైట్‌లో డాక్టర్ పేరు కొడితే బోర్డ్ సర్టిఫికేషన్ ఉందో లేదో ఉచితంగా చూపిస్తుంది. రెండోది టెక్సస్ మెడికల్ బోర్డ్ సైట్. లైసెన్స్ చెల్లుబాటులో ఉందా, ఏమైనా చర్యలు తీసుకున్నారా అన్నది అక్కడ తెలుస్తుంది. పేరు పక్కన ఎండీ బదులు డీవో అని ఉంటే కంగారుపడకు, ఇక్కడ ఇద్దరూ ఒకే పని చేస్తారు. ఇవి చూశాక ఫోన్‌లో నర్సు ఎలా మాట్లాడుతుందో గమనించు. తొమ్మిది నెలలూ నువ్వు ఎక్కువగా మాట్లాడేది ఆవిడతోనే.

హస్తవాసి విషయంలో అమ్మని నొప్పించకుండా నిజం చెప్పాలంటే, ఇక్కడ చాలామంది డాక్టర్లు నలుగురైదుగురు కలిసి గ్రూపుగా ఉంటారు. నొప్పులు వచ్చిన రాత్రి డ్యూటీలో ఎవరుంటే వాళ్లే పురుడు పోస్తారు. నువ్వు ఎనిమిది నెలలు చూపించుకున్న తెలుగు డాక్టరమ్మ ఆ రాత్రి ఇంట్లో నిద్రపోతూ ఉండొచ్చు. కాబట్టి ‘డెలివరీకి మీరే వచ్చే అవకాశం ఎంత? మిగతావాళ్లందర్నీ నేను ముందు కలవొచ్చా?’ అని అడుగు. తెలుగావిడ నెట్‌వర్క్‌లో, దగ్గర్లో దొరికితే సంతోషమే. దొరకలేదని నలభై నిమిషాల దూరం పోనక్కర్లేదు. తెలుగులోనే చెప్పుకోవాలనిపిస్తే హాస్పిటల్స్ ఫోన్‌లో తెలుగు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేస్తాయి, ముందు అడగాలి. మగ డాక్టర్ వద్దనుకుంటే మొహమాటపడకుండా మొదటి ఫోన్‌లోనే చెప్పు. గ్రూపులో అందరూ ఆడవాళ్లే ఉన్న ఆఫీసులూ ఉన్నాయి.

ఇంకొకటి కూడా అమ్మకి ముందే చెప్పి ఉంచు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం. ఇక్కడ దేశం మొత్తం మీద మూడింట ఒక వంతు. ముహూర్తం చూసి ఆపరేషన్ పెట్టమంటే ఇక్కడి డాక్టర్ నీ మొహంలోకి చూస్తుంది. వైద్య కారణం లేకుండా 39 వారాల లోపు డెలివరీ చెయ్యరు. గుంటూరు పంచాంగానికి ఆ సంగతి తెలియదు పాపం.

మీ ఆయన ‘దగ్గర్లో’ అన్నది మాత్రం తీసిపారేసే మాట కాదు. మామూలు లెక్కలో 28 వారాల దాకా నాలుగు వారాలకోసారి, 36 దాకా రెండు వారాలకోసారి, ఆపైన వారం వారం వెళ్లాలి. లైసెన్స్ లేదు, ఆయనది కొత్త ఉద్యోగం, జనవరి ఫిబ్రవరుల్లో ఒక్కోసారి ఇక్కడ రోడ్లమీద మంచు గడ్డకడుతుంది. మ్యాప్‌లో మైళ్లు కాదు, ఉదయం ఎనిమిదిన్నరకి టోల్‌వే మీద ఎన్ని నిమిషాలో చూడు. పదిహేను ఇరవై నిమిషాల్లో ఇద్దరు ముగ్గురు నెట్‌వర్క్ డాక్టర్లు దొరికితే అందులోంచి ఎంచుకో, చాలు.

నీ విషయంలో అన్నిటికంటే డబ్బు ముడిపడినది డ్యూ డేట్. మార్చి అన్నావు. చాలా కంపెనీల ప్లాన్లలో డిడక్టబుల్ జనవరి 1న మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మీది క్యాలెండర్ ఇయర్ ప్లానేనా అని కనుక్కో. అయితే ఈ ఏడాది నువ్వు స్కానింగులకు, పరీక్షలకు కట్టినదంతా డిసెంబర్ 31తో పోతుంది, డెలివరీ లెక్క కొత్త ఏడాది డిడక్టబుల్‌తో మొదలవుతుంది. పైగా డాక్టర్లు విజిట్లన్నీ, డెలివరీ, ఆ తర్వాతి చెకప్ కలిపి ఒకే ప్యాకేజీగా, డెలివరీ అయ్యాక బిల్లు వేస్తారు. దాన్నే గ్లోబల్ బిల్లింగ్ అంటాం. అంటే పెద్ద బిల్లు పడేది వచ్చే ఏడాది ప్లాన్ మీద. స్కానింగులు, రక్తపరీక్షలు ఆ ప్యాకేజీలో ఉండవు, అవి ఎప్పటికప్పుడు వస్తాయి. కాబట్టి శరత్కాలంలో, చాలా చోట్ల నవంబర్‌లో, మీ ఆయన కంపెనీలో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ మొదలైనప్పుడు ఆయన్ని ఒక్కణ్నే కూర్చోనివ్వకు. జీతంలో కోత తక్కువని హై డిడక్టబుల్ ప్లాన్ మీద నొక్కేస్తారు మగవాళ్లు. ఏడాది మొత్తం ప్రీమియం, దానికి తోడు తల్లీబిడ్డల డిడక్టబుల్, కోఇన్సూరెన్స్ కలిపి ప్రతి ప్లాన్‌కీ కాగితం మీద రాసి చూడండి. ఆ కొత్త ప్లాన్‌లో మీ డాక్టర్, మీ హాస్పిటల్ ఉన్నారో లేదో మళ్లీ ఫోన్ చేసి కనుక్కున్నాకే సబ్మిట్ కొట్టండి. ఒకవేళ నీ డాక్టరే మధ్యలో నెట్‌వర్క్ నుంచి తప్పుకుంటే గర్భిణులకు 90 రోజుల దాకా పాత రేట్లకే కొనసాగించమని కోరే హక్కుంది, కానీ ప్లాన్ మీరే మార్చుకుంటే ఆ హక్కు రాదు.

ఇరవై వారాలు దాటాక ఆఫీసు వాళ్లు నిన్ను ఒక గదిలో కూర్చోబెట్టి, డెలివరీకి నీ వాటా ఇంత అని అంచనా కాగితం ఇచ్చి, ఏడో నెల లోపు వాయిదాల్లో కట్టమంటారు. అది మామూలే. ఏ ఏడాది డిడక్టబుల్‌తో లెక్క కట్టారో మాత్రం చూడు. నీ కేసులో ఈ ఏడాది అంకెలు పెట్టి ఉంటే ఆ అంచనా తప్పు. ఎక్కువ కట్టించుకుంటే తర్వాత వెనక్కిస్తారు, అడిగితే.

కొన్ని అసలు డబ్బులు లేకుండానే వస్తాయి. 24 నుంచి 28 వారాల మధ్య చేసే షుగర్ పరీక్ష, హెపటైటిస్-బి, ఆర్‌హెచ్ (రక్తం గ్రూపు) పరీక్షలు, పాలు పిండే బ్రెస్ట్ పంప్ దాదాపు అన్ని ప్లాన్లూ నెట్‌వర్క్‌లో ఉచితంగా ఇవ్వాలి. మన దక్షిణాసియా వాళ్లకి గర్భంలో షుగర్ వచ్చే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే మొదటి విజిట్‌లోనే చెప్పు, ముందుగా పరీక్ష చేస్తారు. మామూలు కాన్పుకి 48 గంటలు, సిజేరియన్‌కి 96 గంటలు హాస్పిటల్‌లో ఉండటానికి ఇన్సూరెన్స్ ఒప్పుకుని తీరాలి. అది 1996 నాటి చట్టం.

బిడ్డ పుట్టాక చెయ్యాల్సింది ఇప్పుడే చెబుతున్నాను, అప్పుడు నీకు తలదువ్వుకునే తీరిక కూడా ఉండదు. పుట్టిన 30 రోజుల లోపు మీ ఆయన కంపెనీ సైట్‌లో బిడ్డ పేరు ఇన్సూరెన్స్‌లో చేర్చాలి. సోషల్ సెక్యూరిటీ నంబర్ వచ్చాక చేద్దాంలే అని ఆగొద్దు, నంబర్ లేకుండానే చేర్చుకుంటారు. గడువులో చేరిస్తే పుట్టిన రోజు నుంచే వర్తిస్తుంది. మర్చిపోతే హాస్పిటల్ నర్సరీ బిల్లు మీ మీద పడొచ్చు. బారసాల ఇరవై ఒకటో రోజున చేసుకుంటారుగా, ఆ వారంలోనే ఈ పని అయ్యేలా ఆయన ఫోన్‌లో అలారం పెట్టించు.

ఉద్యోగం పోతే ఏంటి అనే భయం హెచ్-1బీ ఇళ్లలో ఎప్పుడూ ఉంటుంది. ఇరవై మందో అంతకంటే ఎక్కువో ఉన్న కంపెనీ అయితే కోబ్రా కింద అదే ప్లాన్ కొనసాగించుకోవచ్చు, నిర్ణయానికి 60 రోజులు టైముంటుంది, తీసుకుంటే వెనకటి తేదీ నుంచే వర్తిస్తుంది. ఖరీదెక్కువే, ప్రీమియం మొత్తం మనమే కట్టాలి. అయినా ఏడో నెలలో కొత్త డిడక్టబుల్‌తో కొత్త డాక్టర్ని వెతుక్కోవడం కంటే ఒక్కోసారి అదే చవక.

ఫోన్లు మంగళవారమో బుధవారమో ఉదయం చెయ్యి. సోమవారం లైను దొరకదు, మధ్యాహ్నం భోజనాల టైములో మెషీన్ మాట్లాడుతుంది. మొదటి విజిట్‌కి కార్డు, పాస్‌పోర్ట్ లేదా వేరే ఫొటో గుర్తింపు, ఆఖరి నెలసరి తేదీ, వాడుతున్న మందుల సీసాలు పట్టుకెళ్లు. ఒహాయోలో ఎక్కడైనా చూపించుకుని ఉంటే ఆ రిపోర్టులు ఇటు పంపమని ఇప్పుడే సంతకం చేసి పంపు, వాళ్లకి వారాలు పడుతుంది. పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయిని ఆ బిల్లు, ఈఓబీ రెండూ పట్టుకుని నాకు రాయమను. కాగితం మీదున్న తేదీ నుంచి 180 రోజులు దాటకపోతే అప్పీల్ చేసుకునే వీలు ఇంకా ఉంది.